పెరటి చెట్టుకు వచ్చే వంగపండు పిట్ట

ఉప్పల్, నాచారం ప్రాంతాలలోని మన ఇళ్ళలో వేసవి రాగానే మేడ మీద మట్టి మూకుడులో నీళ్ళు, దాని ప్రక్కన గుప్పెడు జొన్నలో బియ్యమో ఉంచే అలవాటు ఈ మధ్య పెరిగింది. మంచి అలవాటే. అయితే ఆ గింజలకు వచ్చేవి పావురాలు, గోరువంకలు, అదృష్టం ఉంటే పిచ్చుకలు. ఆకుల చాటు నుండి వేణువు ఊదినట్లు పలికి, ఒక్క క్షణం పసుపు పచ్చగా మెరిసి మరో చెట్టులో దూరిపోయే పక్షి మాత్రం ఆ మూకుడు వంక కన్నెత్తి చూడదు. అది మన ఇంటికీ రావాలంటే ఏమి పెట్టాలని మా మదర్సా పిల్లలు, వారి తల్లులు తరచుగా అడుగుతుంటారు.

నాచారం నుండి ఒక సోదరి వ్రాసిన ఉత్తరంలో ఈ ప్రశ్న మరొక బరువైన ప్రశ్నతో కలిసి వచ్చింది. వారిది రెండు వందల గజాల స్థలంలో పాత పెంకుటిల్లు. వెనుక గోడ ప్రక్కన మామిడి, ఇంటి ముందు వేప. రెండూ అత్తగారు కోడలిగా వచ్చిన కొత్తలో నాటినవి. ప్రతి చలికాలం ఆ మామిడి మీద ఈ పసుపు పిట్ట వాలుతుంది. ఇప్పుడు ఇంటిని పడగొట్టి అపార్ట్‌మెంటు కట్టేందుకు బిల్డరుతో ఒప్పందం జరుగబోతున్నది. స్థలం మొత్తం చదును చేయాలని బిల్డరు అంటున్నాడు. అన్నదమ్ములు సరే అన్నారు. అత్తగారు ఏమీ మాట్లాడటం లేదు. ‘ఒక పిట్ట కోసం, ఒక చెట్టు కోసం ఇంటి పెద్దల నిర్ణయానికి ఎదురు చెప్పవచ్చునా?’ అన్నది ఆ సోదరి ప్రశ్న. దీనికి జవాబు చెప్పాలంటే ముందు ఆ పక్షి ఏమిటో, దానికి ఏమి కావాలో తెలిసి ఉండాలి.

తెలుగులో దీని పేరు వంగపండు. ఉర్దూ మాట్లాడే మన ఇళ్ళలో పీలక్ అంటారు. గోరువంక అంత ఉంటుంది. ముక్కు నుండి తోక వరకు సుమారు 25 సెంటీమీటర్లు. మగ పక్షి ఒళ్ళంతా మేలిమి బంగారు రంగు, రెక్కలు, తోక నలుపు. కంటి మీదుగా సుర్మా దిద్దినట్లు ఒక నల్లని చార కంటిని దాటి వెనుకకు సాగుతుంది. ముక్కు ఎర్రని గులాబి వన్నె. ఆడ పక్షి పైభాగం ఆకుపచ్చ కలిసిన పసుపు, పొట్ట మీద సన్నని గోధుమ రంగు గీతలు. అందువలన ఆకుల నడుమ ఆమెను పోల్చుకోవడం కష్టం. చాలామంది మగ పక్షిని మాత్రమే చూసి, ఒంటరిగా వచ్చిందని అనుకుంటారు. దీనికి దగ్గరి చుట్టం కొండ వంగపండు. దాని తల, గొంతు పూర్తిగా నలుపు. అది దట్టమైన తోపులను, అడవి అంచులను ఎక్కువగా ఇష్టపడుతుంది.

కంటికంటె ముందు ఇది చెవికి చిక్కుతుంది. దాని పలుకు తేట అయిన ఈల. రెండు మూడు స్వరాలు ఒకదానిని మరొకటి అంటిపెట్టుకొని జారుతాయి. అదే పక్షి బెదిరినప్పుడు పిల్లి అరుపును తలపించే కర్కశమైన కూత కూస్తుంది. ఈ రెండు గొంతులూ ఒకే పక్షివని తెలియక, చెట్టు మీద రెండు జాతులు ఉన్నాయని పొరబడేవారు ఉన్నారు.

దీనిని పెరటికి రప్పించే ఉపాయాలంటూ ఫోన్లలో కనిపించే వీడియోల గురించి ఒక హెచ్చరిక అవసరం. నారింజను అడ్డంగా కోసి కొమ్మకు గుచ్చమని, ద్రాక్ష జామ్ గిన్నెలో పెట్టమని, పంచదార నీళ్ళు వేలాడదీయమని వాటిలో చెబుతారు. అవి అమెరికా పక్షుల కోసం చెప్పిన మాటలు. అక్కడికి వలస వెళ్ళిన ఐరోపావారు తమ దేశపు బంగారు పిట్టను పోలిన పసుపు, నలుపు పక్షులను చూసి వాటికి కూడా ‘ఓరియోల్’ అని పాత పేరే పెట్టారు. నిజానికి ఆ పక్షుల కుటుంబం వేరు, మన వంగపండు కుటుంబం వేరు. పేరు ఒకటైనంత మాత్రాన అలవాట్లు ఒకటి కావు. మన ఎండలో జామ్ గిన్నె పెడితే వచ్చేవి చీమలు, ఈగలు.

వంగపండు చెట్టు పైకొమ్మలలో బ్రతికే పక్షి. నేల మీదికి దిగడం అరుదు. గింజలు దాని ఆహారం కాదు. మర్రి, రావి, మేడి పండ్లు, మల్బరీ వంటి మెత్తని పండ్లు, ఆకులను తినే గొంగళి పురుగులు, ఇతర కీటకాలు దాని భోజనం. బూరుగ, మోదుగ పూచే రోజులలో పూలలోని తేనెను కూడా త్రాగుతుంది. తిన్న పండ్ల గింజలను దూరంగా విడిచి చెట్లకు మేలు చేస్తుంది. గోడ పగుళ్ళలో, పాత కట్టడాల మీద మొలిచే రావి, మర్రి మొక్కలను మనం ఎవరూ నాటలేదు. అవి ఇటువంటి పండు తినే పక్షుల పని. అంటే ఈ పక్షి చెట్టు దగ్గర ఊరికే తినిపోయే అతిథి కాదు, మరో చోట చెట్టు నాటి పోయే కూలీ కూడా.

దాని గూడు చూసినవారు ఆశ్చర్యపోకుండా ఉండలేరు. కొమ్మ చివర అడ్డంగా చీలిన రెండు పుల్లల నడుమ ఊయల కట్టినట్లు లోతైన గిన్నె ఒకటి వేలాడుతుంది. నార, గడ్డిపోచలు, సాలెగూటి దారాలు కలిపి పుల్లలకు బిగించి అల్లుతుంది. దేశంలో ఇది గూడు కట్టే కాలం ఏప్రిల్ నుండి ఆగస్టు వరకు. రెండు మూడు తెల్లని గుడ్లు, వాటి మీద ముదురు చుక్కలు. పిల్లలను సాకే భారం తల్లిదండ్రులు ఇద్దరిదీ. తరచుగా ఇది పసులపోలిగాడి గూడు ఉన్న చెట్టునే ఎంచుకొంటుంది. పొడవైన చీలిన తోకతో కరెంటు తీగల మీద కూర్చునే ఆ నల్లని పిట్టను ఉర్దూలో కొత్వాల్ అంటారు. పేరుకు తగినట్లు అది కాకిని, గద్దను సైతం తరిమి కొడుతుంది. కొత్వాలు ఇంటి ప్రక్కన కాపురం పెడితే దొంగల భయం తక్కువ గదా! పెరట్లో అరుస్తున్నదని పసులపోలిగాడిని రాళ్ళతో కొట్టేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. దానిని వెళ్ళగొడితే దాని పొరుగున ఉన్నవారు కూడా వెళ్ళిపోతారు.

గూటి మాట వచ్చింది కనుక పిల్లలకు ఒక ప్రవక్త ప్రవచనం గుర్తు చేయాలి. ఒక ప్రయాణంలో కొందరు సహచరులు ఒక పక్షి పిల్లలను పట్టుకున్నారు. తల్లి పక్షి రెక్కలు కొట్టుకొంటూ వారి చుట్టూ తిరుగసాగింది. అది చూసిన దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం), పిల్లలను తీసుకొని దానికి దుఃఖం కలిగించినది ఎవరని అడిగి, వాటిని తిరిగి ఇచ్చివేయమని ఆజ్ఞాపించారు. ఈ విషయం అబూ దావూద్ హదీసు గ్రంథంలో ఉన్నది. నేటి మన పిల్లలు గూటిలో చేయి పెట్టకపోవచ్చు. కానీ ఫోను పట్టుకొని గూటికి అడుగు దూరం దాకా వెళ్ళి ఫోటో తీస్తారు. తల్లి పక్షికి చేయి అయినా, ఫోను అయినా ఒకటే. పదే పదే బెదిరితే అది గుడ్లను వదిలి వెళ్ళిపోవచ్చు. అలాగే దాని ఈల రికార్డును ఫోనులో మ్రోగించి పిలవడం కూడా తగదు. తన చోటులోకి మరొక పక్షి వచ్చిందని అది కంగారుపడి, మేత, కాపలా మాని వెదుకుతుంది.

ఈ పక్షులలో కొన్ని ఏడాది పొడవునా ఒకే ప్రాంతంలో ఉంటాయి. హిమాలయాల దిగువన, ఉత్తరాది మైదానాలలో గూడు కట్టినవి చలికాలానికి దక్షిణానికి దిగివస్తాయి. నాచారం సోదరి మామిడి చెట్టు మీద చలికాలంలో మాత్రమే పక్షి కనిపించడానికి కారణం ఇదే. గుజరాత్‌లో శాస్త్రజ్ఞులు కాలికి గుర్తు కడియం తొడిగి వదిలిన ఒక వంగపండు తొమ్మిదేళ్ళు దాటిన తరువాత తజికిస్తాన్‌లో దొరికింది. మన పెరట్లో నాలుగు రోజులు ఈల వేసి పోయే పిట్ట వెనుక ఎంత ప్రయాణం ఉండవచ్చునో ఊహించండి. అటువంటి బాటసారికి దారిలో ఒక్కొక్క చెట్టూ ఒక్కొక్క సరాయి.

మన నగరంతో ముడిపడిన ఒక పేరును ఇక్కడ పిల్లలకు పరిచయం చేయడం బాగుంటుంది. సాలిం అలీ 1896లో బొంబాయిలో ఒక బోహ్రా ముస్లిం కుటుంబంలో జన్మించారు. చిన్ననాడే తల్లిదండ్రులను పోగొట్టుకొని మేనమామ ఇంట పెరిగారు. ఆట తుపాకీతో కొట్టిన ఒక పిచ్చుక గొంతు మీద పసుపు మచ్చ ఎందుకున్నదో తెలుసుకోవాలన్న కుతూహలం ఆయనను 1908లో బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘం గుమ్మం ఎక్కించింది. ఆ బాలుడే పెద్దవాడై దేశం పక్షులకు పేరూ ఊరూ వ్రాశాడు. 1931–32లో నిజాం రాజ్యంలో ఊరూరా తిరిగి పక్షులను నమోదు చేసినది ఆయనే. భార్య తహ్‌మీనా ఆ శ్రమలో తోడుగా నిలిచారు. భారతదేశపు పక్షులపై ఆయన వ్రాసిన ప్రసిద్ధ గ్రంథం 1941లో వెలువడింది. పిచ్చుక పేరు తెలియదని ఊరుకోకుండా అడిగి తెలుసుకున్న పిల్లవాడు మన ఇంట్లో కూడా ఉండవచ్చు. వాడు అడిగే ప్రశ్నకు విసుక్కోకండి.

ఇక మన ప్రాంతం సంగతి చూద్దాం. మూసీ ఒడ్డున ఉప్పల్ భగాయత్ అన్న పేరు నేడు ప్లాట్ల ప్రకటనలలో వినిపిస్తుంది. బాగ్ అన్న మాట నుండి పుట్టిన ఆ పేరుకు తోట సాగు భూములని అర్థం. తోటలు పోయినా పేరు మిగిలింది. నాచారం పారిశ్రామిక వాడ, మల్లాపూర్, రామంతాపూర్, హబ్సిగూడ ఒకదానితో ఒకటి కలిసిపోయాయి. 2017 నవంబరులో మెట్రో రైలు నడక మొదలుపెట్టిన తరువాత స్థలాల ధరలు, అంతస్తుల సంఖ్య ఇంకా పెరిగాయి. అయినా చెట్లు పూర్తిగా పోలేదు. పడమట ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆవరణ, హబ్సిగూడలో భూభౌతిక పరిశోధన సంస్థ ఆవరణ, చెరువుల గట్లు, పాత మస్జిదులు, ఖబ్రస్తాన్లు, అక్కడక్కడ పెంకుటిళ్ళ పెరళ్ళు మిగిలి ఉన్నాయి. వంగపండు ఒక చెట్టు నుండి మరొక చెట్టుకు అలలాగా లేచి పడుతూ ఎగురుతుంది. పెద్ద తోపు నుండి మీ పెరటి దాకా నడుమ నాలుగైదు గుబురు చెట్లు ఉంటేనే మీ చెట్టు దాని దారిలో పడుతుంది. కనుక ఒక్క ఇంటివారు పిలిస్తే ఈ అతిథి రాదు. వీధి వీధంతా పిలవాలి.

ఏ చెట్లు నాటాలి? పెరట్లో పది అడుగుల మట్టి నేల ఉన్నవారు మల్బరీ, జామ, సింగపూర్ చెర్రీ వేసుకోవచ్చు. ఇవి త్వరగా పెరుగుతాయి, కొమ్మలు కత్తిరించి అదుపులో ఉంచవచ్చు. గోడకు దూరంగా చోటు ఉన్నవారు మామిడి, వేప వేయవచ్చు. రావి, మర్రి, మేడి, బూరుగ ఇంటి పునాదులకు తగినవి కావు. వాటికి తగిన చోట్లు ఖబ్రస్తాన్ అంచులు, ఈద్గాహ్ ప్రహరీ ప్రక్కలు, చెరువు గట్లు, పాఠశాలల మైదానాలు. మస్జిద్ కమిటీ పెద్దలు ఒక సంగతి ఆలోచించాలి. వుజూ చేసిన నీరు రోజుకు అయిదు పూటలా మురుగు కాలువలో కలుస్తున్నది. దానిని ఒక చిన్న గొట్టంతో చెట్టు పాదుకు మళ్ళిస్తే వేసవిలో ట్యాంకరు అవసరం లేకుండా నాలుగు చెట్లు బ్రతుకుతాయి. త్వరగా పచ్చబడుతుందని కోనోకార్పస్ వంటి మొక్కలను వరుసగా నాటడం కంటె, మన పక్షులు తినే పండ్ల చెట్టు ఒక్కటి నాటడం మేలు.

జామ, మామిడి కాయగానే కొందరు చెట్టంతా వల కప్పుతారు. పక్షులు అందులో చిక్కి చనిపోతాయి. క్రింది కొమ్మలు మనకు, పైకొమ్మలు వాటికి అనుకొంటే గొడవ లేదు. నాటిన చెట్టు నుండి మనిషి తిన్నా, పశువు తిన్నా, పక్షి తిన్నా అది నాటినవారికి సదఖాగా వ్రాయబడుతుందన్న ప్రవక్త ప్రవచనం బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలో ఉన్నది. పక్షి తిన్న పండును నష్టం ఖాతాలో వ్రాసుకోవలసిన పని లేదు.

నీళ్ళ విషయంలోనూ కొంత తెలిసి ఉండాలి. వంగపండు నీళ్ళలో కూర్చొని తాపీగా స్నానం చేయదు; పైనుండి దూకి, మునిగి, లేచి, మళ్ళీ దూకుతుంది. కనుక మండే మేడ మీద చిన్న మూకుడు దానికి పనికిరాదు. చెట్టు నీడలో, పిల్లి పొంచి ఉండే పొదలకు దూరంగా, వెడల్పు అయిన మట్టి తొట్టి ఉంచండి. లోతు రెండు మూడు అంగుళాలు చాలు. ప్రతి రోజూ కడిగి నీరు మార్చాలి. లేకపోతే దోమలు పెరిగి ఇంటివారికి డెంగీ తెచ్చిపెడతాయి. చెట్టు మీద గొంగళి పురుగు కనిపించగానే మందు కొట్టకండి. ఆ పురుగే ఈ పక్షి పిల్లలకు అన్నం. జనవరిలో గాలిపటాల రోజులు ముగిసిన తరువాత కొమ్మలకు చుట్టుకున్న దారాన్ని పిల్లలతో తీయించండి. నైలాన్ మాంజాను జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లోనే నిషేధించినా అది ఇంకా అమ్ముడవుతున్నది. వలస వచ్చిన పక్షులు మన చెట్ల మీద ఉండే రోజులు సరిగ్గా అవే. దీనిని పట్టి పంజరంలో పెట్టాలన్న ఆలోచన మాత్రం ఎవరికీ రాకూడదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం.

ఇప్పుడు నాచారం సోదరి ప్రశ్నకు వస్తాను. అమ్మా, కుటుంబ అవసరాలు చిన్నవి కావు. పెరిగిన సంసారానికి గదులు కావాలి, పిల్లల చదువులకు, పెళ్ళిళ్ళకు ధనం కావాలి. చెట్టు నీడ కోసం మీరు నిలువ నీడ పోగొట్టుకోవాలని ఎవరూ అనరు. అయితే చెట్టు వైపు మాట చెప్పడం పెద్దల నిర్ణయానికి ఎదురు చెప్పడం కాదు. సంతకాలు కాకముందు చెబితే అది మష్వరా. సంతకాలయ్యాక చెబితే అది తగవు. కనుక ఇప్పుడే చెప్పండి. ముందుగా మీ అత్తగారిని మీరు అడగండి. ఆమె మౌనం అంగీకారమని అన్నదమ్ములు అనుకొంటున్నారు. తాను నీరు పోసి పెంచిన చెట్టు గురించి తన మాటకు విలువ ఉంటుందో లేదో తెలియక ఊరుకున్నదేమో! ఆ స్థలంలో ఆమెకు హక్కు ఉంటే ఆమె మాట దయతో వినవలసినది కాదు, హక్కుగా వినవలసినది.

తరువాత మీ భర్తగారు బిల్డరును నాలుగు విషయాలు అడగాలి. భవన నిర్మాణ నియమాల ప్రకారం స్థలం చుట్టూ కొంత ఖాళీ ఎలాగూ వదలాలి. వెనుక గోడ ప్రక్కనున్న మామిడి ఆ ఖాళీలో పడుతుందా అని కొలిపించండి. పడేటట్లయితే దానిని కొట్టవలసిన కారణం సౌకర్యం తప్ప మరొకటి లేదు. రెండవది, కార్ల కోసం సెల్లారు త్రవ్వితే వేళ్ళు తెగి చెట్టు రెండు మూడేళ్ళలో ఎండుతుంది. స్తంభాల మీద ఇల్లు లేపి క్రింద కార్లు నిలిపే పద్ధతి అయితే బ్రతికే అవకాశం ఎక్కువ. మూడవది, మొదలు చుట్టూ కనీసం నాలుగైదు అడుగుల మేర సిమెంటు వేయకూడదని, పనివారు సున్నం, రంగు నీళ్ళు అక్కడ పారబోయకూడదని ఒప్పంద పత్రంలో వ్రాయించండి. నోటి మాట పునాది దాటి నిలవదు. నాలుగవది, ముందున్న వేపను తీయక తప్పనప్పుడు 2002 నాటి జల, భూమి, వృక్ష చట్టం ప్రకారం అనుమతి తీసుకోవాలి. ఆ అనుమతి ఉన్నా కూడా ఏప్రిల్–ఆగస్టు నడుమ కొట్టించకండి. మిగిలిన నెలలలో సైతం గూడు ఉన్నదేమో ఒకరిని పైదాకా చూడమనండి. పోయే వేపకు బదులుగా ఈ వానాకాలంలోనే ఖబ్రస్తాన్‌లోనో, మస్జిద్ ఆవరణలోనో రెండు మొక్కలు అత్తగారి చేత నాటించండి. ఇల్లు పూర్తయ్యే నాటికి అవి మనిషి ఎత్తు దాటి ఉంటాయి.

ఇంత చేసినా మామిడి నిలవకపోవచ్చు. కొలతలలో అది గోడకు అడ్డం రావచ్చు, అన్నదమ్ములు ఒప్పుకోకపోవచ్చు. అప్పుడు మీ మీద నింద లేదు. అడగవలసిన వేళ అడిగారు. కానీ అడగకుండానే పోగొట్టుకున్న చెట్లు మన వీధులలో ఎక్కువ.

పాఠకులు చేయదగిన చిన్న పని ఒకటి ఉన్నది. ప్రతి ఏటా ఫిబ్రవరి నెల మధ్యలో నాలుగు రోజుల పాటు ప్రపంచమంతటా పెరటి పక్షుల లెక్క జరుగుతుంది. పదిహేను నిమిషాలు ఒక చోట నిలబడి, కనిపించిన పక్షులను లెక్కించి వ్రాయడమే అందులోని పని. ఈసారి మీ పిల్లల చేత ఒక నోటు పుస్తకం పెట్టించండి. తేదీ, సమయం, చెట్టు పేరు, పక్షి మగదా ఆడదా, ఏమి తింటున్నది అన్న అయిదు విషయాలు వ్రాస్తే చాలు. ఫజ్ర్ నమాజు తరువాత సూర్యోదయం అయ్యాక ఒక గంట వీటిని చూడటానికి మంచి వేళ. ఉప్పల్, నాచారం, రామంతాపూర్, హబ్సిగూడ వీధులలో ఏ చెట్టు మీద వంగపండు వాలినదో పత్రికకు వ్రాసి పంపండి. ఏ వీధిలో చెట్ల వరుస తెగిపోయినదో ఆ ఉత్తరాలే చూపిస్తాయి. అక్కడ మొక్క నాటే పనిని ఇన్‌షా అల్లాహ్ వచ్చే వానలకు ముందే మాట్లాడుకుందాం.